సిగ్నల్ దగ్గర చెయ్యి చాచే మనిషికి డబ్బు ఇవ్వాలా, వద్దా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో సిగ్నల్ దగ్గర అడుక్కునేవాళ్లు కనిపిస్తారు. ఇస్తే మాఫియాకు పోతుందేమో, తాగుడికి పోతుందేమో అని అనుమానం. ఇవ్వకపోతే మనసు పీకుతుంది. మొదట్లో జాలి వేసేది, ఇప్పుడు చిరాకేస్తోంది, ఇలా మారిపోయినందుకు మీ మీద మీకే కోపం వస్తోంది. ఊళ్లో జనమంతా ఇలాగే ఎందుకు బండబారిపోయారు అని అడిగారు. చివర్లో మీ ఆఫీసు పక్కన ఏటీఎం మెట్ల మీద మూడు వారాలుగా పడుకుంటున్న ఒకాయన గురించి కూడా రాశారు.

నేను పద్నాలుగేళ్లుగా నిరాశ్రయుల షెల్టర్లలో పని చేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు రాత్రిపూట వీధుల్లో తిరిగి మనుషుల్ని పలకరించే టీములో ఉన్నాను, ఆ తర్వాత షెల్టర్ మేనేజరుగా. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

సూటిగా జవాబు: పెద్దవాళ్లకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. లేకపోతే మొహం చూసి "లేదండీ" అని చెప్పండి. రెండూ తప్పు కాదు. చిన్నపిల్లల చేతిలో మాత్రం డబ్బు పెట్టకండి. మీరిచ్చే చిల్లరతో ఎవరి బతుకూ బాగుపడదు, ఎవరి బతుకూ పాడవదు. ఆ పూట గడుస్తుంది, అంతే. చిల్లర కన్నా చాలా పెద్ద తేడా తెచ్చేది, మీ వీధి చివర షెల్టర్ పెడతామన్నప్పుడు మీరు ఏమంటారన్నది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక ముడి విప్పుకోవాలి. మీరు రాసినదాంట్లో "అడుక్కునేవాళ్లు", "ఇల్లు లేనివాళ్లు" అన్న మాటలు ఒకదాని చోట ఇంకొకటి వాడారు. దాదాపు అందరూ అలాగే వాడతారు. నాకు తెలిసినంతలో గొడవంతా అక్కడే మొదలవుతుంది. అడుక్కునేవాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట గూడు ఉంటుంది. ఇల్లు లేనివాళ్లలో చాలామంది ఎప్పుడూ చెయ్యి చాచరు. మన దేశం లెక్కలే చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లు సుమారు 17.7 లక్షలు. బిచ్చగాళ్లు, దేశదిమ్మరులు అన్న వర్గంలో నమోదైనవాళ్లు సుమారు 4.1 లక్షలు. ఈ రెండో అంకెలో ఇళ్లున్నవాళ్లూ ఉన్నారు. పైగా ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టింది ఫిబ్రవరి 28న, ఒకే ఒక్క రాత్రి. ఆ రాత్రి టార్చిలైటు పడనివాడు లెక్కలో లేనట్టే. ఇలాంటి తలలెక్కలకు నేనూ చాలాసార్లు తిరిగాను. ఆడవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో దెబ్బలు తిని బయటికొచ్చినవాళ్లు, ఎవరికీ కనపడని చోటు వెతుక్కుని పడుకుంటారు. కనపడితే వాళ్లకు ప్రమాదం. వాళ్లు మా టార్చిలైటుకీ దొరకరు.

మా షెల్టర్‌లో ఎక్కువ మంచాలు పనికి వెళ్లేవాళ్లతోనే నిండేవి. హమాలీలు, సెక్యూరిటీ గార్డులు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు. ఒకాయన రెండేళ్లు మా దగ్గర పడుకున్నాడు. గోదాములో బస్తాలు మోసే పని. పొద్దున అయిదింటికే లేచి, గెడ్డం గీసుకుని, సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుని వెళ్లేవాడు. తనకు ఇల్లు లేదని తోటి పనివాళ్లలో ఒక్కరికీ తెలీదు. ఒకరోజు మేస్త్రీ "ఏంరా, ఒక్కసారైనా మీ ఇంటికి భోజనానికి పిలవవు" అని ఎగతాళికి అన్నాడట. మర్నాడు ఆ పని మానేసి ఇంకోచోట చేరాడు. ఇలాంటివాళ్లు మీకు రోజూ ఎదురవుతూనే ఉంటారు. మీరు గుర్తుపట్టరు, గుర్తుపట్టకూడదనే వాళ్ల తాపత్రయం.

ఇంకోవైపు ఒక పెద్దావిడ ఉండేది. కొడుకు దగ్గరే ఉంటుంది. పదకొండింటికి బస్సెక్కి వచ్చి, కొడుకు పని నుంచి తిరిగొచ్చేలోపు ఇల్లు చేరుకునేది. ఎవరో వెంటపడి ఆమె ఇంటిదాకా వెళ్లి వీడియో తీసి "మేడలుండీ అడుక్కుంటున్నారు" అని పెట్టారు. ఆ మేడలో వాళ్లది రెండు గదుల అద్దె వాటా. ఆవిడ వచ్చేది బీపీ మాత్రల కోసం. "కన్నకొడుకు దగ్గర నెలనెలా చెయ్యి చాచడం కన్నా ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర చాచడం నయం నాయనా" అంది నాతో. ఆమెను మోసగత్తె అనాలా? ఇల్లుందని అబద్ధం చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

జనం అభిప్రాయం తయారయ్యేది కనపడేవాళ్లను చూసి. కనపడేవాళ్లలోనూ బాగా గుర్తుండిపోయేవాళ్లను చూసి: కారు అద్దం గట్టిగా కొట్టినవాడు, తాగి పడిపోయినవాడు, తిట్టినవాడు. ఆ నలుగురి మొహాలూ మిగతా అందరికీ అతికిస్తాం. దాంతో బస్తాలు మోసే మనిషికి అద్దెగది ఎలా దొరుకుతుంది అని ఆలోచించాల్సిన నగరం, అడుక్కునేవాళ్లను సిగ్నల్ దగ్గర్నుంచి ఎలా లేపేయాలి అని ఆలోచిస్తూ కూర్చుంటుంది.

జనం ఎందుకు బండబారతారు?

మీరు చెడ్డవాళ్లైపోయారని బాధపడకండి. 1903లోనే జర్మనీలో గియోర్గ్ జిమ్మెల్ అనే సామాజికవేత్త రాశాడు, మహానగరంలో మనసు మీద పడే తాకిడి తట్టుకోడానికి మనిషి ఒకరకమైన పట్టనితనం అలవాటు చేసుకుంటాడని. 1970లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా మనస్తత్వవేత్త అదే సంగతి ఇంకాస్త విడమరిచి చెప్పాడు. ఎదురైన ప్రతి మొహానికీ స్పందిస్తూ పోతే నగరంలో వీధి చివరిదాకా కూడా నడవలేం.

తొందర కూడా ఒక కారణం. 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి తలుపు దగ్గర కూలబడి మూలుగుతూ దగ్గుతూ ఉంటాడు. టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయింది, పరిగెత్తండి అని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. వాళ్లలో కొందరు ఇవ్వబోతున్న ప్రసంగం, బైబిల్లో దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ మీదే! పొద్దున్నే పంచింగ్ టైము తరుముతుంటే సిగ్నల్ దగ్గర మీకు దయ పుట్టకపోవడంలో వింతేముంది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి. చూస్తున్న కష్టాన్ని మనం ఆపలేనప్పుడు, కష్టపడేవాడిదే తప్పు అనుకుంటే కాస్త నెమ్మదిగా ఉంటుంది. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. ఒకామెకు కరెంటు షాకులు ఇస్తున్నట్టు నటింపజేసి చూపించారు. ఆపే వీలు లేకుండా చూస్తూ కూర్చున్నవాళ్లు కాసేపటికి ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, ఒళ్లు వంచి పని చేసుకోవచ్చుగా" అన్న మాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. అన్నవాళ్లలో ఎక్కువమంది రాళ్లగుండెవాళ్లేమీ కాదు. ఆ మాట అనుకుంటే గానీ అక్కణ్ణుంచి కదల్లేనివాళ్లు.

2006లో లసానా హారిస్, సూసన్ ఫిస్క్ అనే ఇద్దరు మెదడు స్కానింగులు తీసి చూశారు. సాటి మనిషిని చూసినప్పుడు చురుగ్గా ఉండే భాగం, ఇల్లు లేనివాళ్ల ఫోటోలు, మత్తుమందుకు అలవాటు పడినవాళ్ల ఫోటోలు చూసినప్పుడు అంతగా స్పందించలేదు. (స్కానింగు బొమ్మల మీద నాకు మరీ అంత గురి లేదు, అయినా ఈ తర్వాతి ముక్క కోసం చెబుతున్నాను.) ఆ మరుసటి ఏడాది వాళ్లే, ఫోటోలో ఉన్న మనిషికి ఫలానా కూరగాయ ఇష్టమో కాదో ఊహించమని అడిగారు. అంతే, ఆ భాగం మళ్లీ పని మొదలుపెట్టింది. మా టీములో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం దాదాపు ఇదే. దుప్పటి ఇచ్చే ముందు "ఏ రంగుది కావాలి?" అని అడగండి. రెండే రంగులున్నా సరే అడగండి. అవతలివాళ్లలో వచ్చే తేడా అలా ఉంచి, అడిగేవాళ్లలో వచ్చే తేడా చూడాలి.

మాఫియా సంగతి

ఉంది. లేదని చెప్పను. పిల్లల విషయంలో ఉంది, కొన్ని చోట్ల జాగాకు ఇంత అని వసూలు చేసేవాళ్లనూ చూశాను. కానీ ఊళ్లో ప్రతి బిచ్చగాడి వెనకా ఒక ముఠా ఉందన్నది, నేను తిరిగిన వీధుల్లో నిజం కాదు. పెద్దవాళ్లలో నాకు తారసపడినవాళ్లు ఎక్కువమంది ఒంటరివాళ్లు, లేదంటే మొగుడూపెళ్లాం, తల్లీబిడ్డలు. ముఠా కథ అంత గట్టిగా నిలబడటానికి ఒక కారణం, అది మనకు పనికొస్తుంది. వాడు నటిస్తున్నాడని అనుకుంటే చెయ్యి జేబులోకి పోనవసరం లేదు, మనసూ పీకదు.

ఇస్తే తగలేస్తారా?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక కుర్రాడికి చెప్పులు కొనుక్కోమని నా జేబులోంచి డబ్బులిచ్చాను. మర్నాడు చూస్తే అవే తెగిన చెప్పులు. డబ్బులేం చేశావంటే ఫోన్ రీచార్జి చేయించానన్నాడు. అందరి ముందూ కడిగిపారేశాను. వాడు నోరెత్తలేదు. వారం తర్వాత తెలిసింది, సెంట్రింగ్ పనికి పిలిచే మేస్త్రీ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి మర్నాడు ఎక్కడికి రావాలో చెబుతాడు. ఫోన్ కలవకపోతే ఆ రోజు కూలీ పోయినట్టే. చెప్పుల్లేకుండా పనికి వెళ్లొచ్చు, ఫోను లేకుండా వెళ్లలేడు. ఆ లెక్క వాడికి తెలుసు, నాకు తెలీదు.

కెనడాలో వాంకూవర్‌లో ఇదే సంగతిని పెద్ద ఎత్తున పరీక్షించారు. ఇల్లు లేని 50 మందికి ఏ షరతూ లేకుండా ఒకేసారి తలా 7,500 కెనడా డాలర్లు ఇచ్చి, డబ్బు ఇవ్వని 65 మందితో పోల్చి ఏడాది పాటు చూశారు. 2023లో ఫలితాలు ప్రచురించారు. డబ్బు అందినవాళ్లు వీధుల్లో, షెల్టర్లలో గడిపిన రోజులు ఏడాదిలో సగటున 99 తగ్గాయి. తాగుడు, మత్తుల మీద ఖర్చు పెరగలేదు. షెల్టర్ల ఖర్చు మిగిలిన లెక్క చూస్తే, ఇచ్చినదాని కన్నా ఆదా అయిందే కొంచెం ఎక్కువ. మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇంకోటుంది. అదే పరిశోధకులు మామూలు జనాన్ని, ఈ డబ్బు వాళ్లు దేనికి ఖర్చుపెడతారనుకుంటున్నారు అని అడిగారు. తాగుడు లాంటివాటికే ఎక్కువ తగలేస్తారని జనం అంచనా. అంచనా తప్పింది.

అయితే ఒకటి. తాగుడు, మత్తు, మానసిక జబ్బు బాగా ముదిరినవాళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. కాబట్టి ఎవరికి ఎంతిచ్చినా బాగుపడతారని దాన్నుంచి తేల్చేయకూడదు. మా దగ్గర కూడా, డబ్బు చేతికొచ్చిన రోజే ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లెవరో మాకు తెలుసు కాబట్టి వాళ్ల విషయంలో జాగ్రత్తపడ్డాం. సిగ్నల్ దగ్గర 40 సెకన్లలో మీకు తెలిసే మార్గం లేదు. అందుకే ఇవ్వడం, ఇవ్వకపోవడం రెండూ మీ ఇష్టం అన్నాను.

"షెల్టర్లున్నాయిగా, వాళ్లే వెళ్లరు"

ఈ మాటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగిస్తుంది, ఎందుకంటే ఇందులో సగం నిజం. నిజమే, చాలామంది రారు. ఎందుకు రారో అడిగి రాసుకునేవాణ్ణి. మొగుడూపెళ్లాన్ని వేరువేరు భవనాల్లో పెడతారు. పదిహేనేళ్లు దాటిన కొడుకు తల్లితో ఉండటానికి ఒప్పుకోరు. మూట తెచ్చుకోనివ్వరు, తెచ్చుకున్నా పొద్దున లేచేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు, హోటల్ పని పదకొండుకు గానీ అవదు. పొద్దున ఏడింటికి బయటికి పంపేస్తారు, నైట్ డ్యూటీ చేసినవాడు ఎప్పుడు పడుకోవాలి? షెల్టర్ ఊరి చివర, కూలీ అడ్డా ఊరి మధ్యలో. నల్లులు. రాత్రంతా వెలిగే ట్యూబులైట్లు. ఒకాయన మూడు చలికాలాలు నేను పిలిస్తే రాలేదు. తన కుక్కను మేం లోపలికి రానివ్వం కాబట్టి. నాలుగో ఏడాది వరండాలో కుక్కకు గోనెసంచి పరిస్తే వచ్చాడు. అందుకు పైనుంచి నాకు మెమో వచ్చింది, అది వేరే కథ.

మన సుప్రీంకోర్టు 2010లోనే, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ నడపాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో కూడా అదే లెక్క పెట్టారు, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల జాగా అని కూడా రాశారు. 50 చదరపు అడుగులంటే ఒక మంచం, పక్కన నిలబడేంత చోటు. దీన్ని కొలత టేపుతో పాటించిన షెల్టర్లలో మనుషులు నిలిచారు. పాటించనివాటిని చూసి "వాళ్లకే ఇష్టం లేదు" అన్నారు.

ఇల్లు ముందు ఇచ్చి, మిగతావి తర్వాత చూద్దాం అనే పద్ధతి 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టాడు. తాగుడు మానితేనే గది, మందులు వేసుకుంటేనే గది అన్న మెట్లన్నీ తీసేశాడు. ఫిన్లండ్ 2008 నుంచి దీన్ని దేశం మొత్తానికీ పాటించింది, హెల్సింకీలో పాత హాస్టళ్లను మూసేసి విడివిడి ఫ్లాట్లుగా మార్చింది. 1987లో అక్కడ ఇల్లు లేనివాళ్లు 18,000 దాకా ఉండేవాళ్లు. 2023 నాటికి 3,500 లోపుకు వచ్చారు. ఆ మరుసటి ఏడాది మళ్లీ కాస్త పెరిగారు, అదీ చెప్పాలి. ఆ దేశం డబ్బున్న దేశం, చిన్న దేశం, మనకు కుదరదు అంటారు. డబ్బు సంగతి ఒప్పుకుంటాను. షరతులు తీసేయడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

చట్టంతో ఊడ్చేస్తే పోతుందా?

దీన్ని తొందరగా ముగిస్తాను. మన దేశంలో చాలా రాష్ట్రాలు అరువు తెచ్చుకున్న 1959 నాటి బొంబాయి చట్టం ప్రకారం, బతుకుదెరువు కనపడకుండా బహిరంగ ప్రదేశంలో తిరిగేవాడు కూడా బిచ్చగాడే. వీధిలో పాడినా, ఆడినా, జోస్యం చెప్పినా అంతే. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్ల నిర్బంధం. ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో అక్కడ ఈ నేరాన్ని కొట్టేసింది. వీధుల్లోంచి బిచ్చగాళ్లను తీసేయమన్న పిటిషన్ మీద 2021లో సుప్రీంకోర్టు, ఇది ఉన్నతవర్గాల చూపుతో చూసే విషయం కాదంది. అదే ఏడాది జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు, జెనీవాలో అడుక్కున్నందుకు 500 ఫ్రాంకుల జరిమానా వేసి, కట్టలేదని అయిదు రోజులు జైల్లో పెట్టిన కేసులో స్విట్జర్లండ్‌దే తప్పంది. 2024లో అమెరికా సుప్రీంకోర్టు మాత్రం అటువైపు మొగ్గింది, బయట పడుకున్నందుకు జరిమానా వేయొచ్చని. 2025 నుంచి ఇందోర్‌లో అయితే భిక్ష వేసినవాళ్ల మీదే కేసులన్నారు.

నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒక పెద్ద కార్యక్రమానికి ముందు మా ఏరియాలో మనుషుల్ని వ్యాన్లెక్కించి ఊరి బయట దింపొచ్చారు. మూడు నాలుగు రోజుల్లో అందరూ నడిచి వెనక్కి వచ్చేశారు. దుప్పట్లు, ఆధార్ కార్డులు ఆ వ్యాన్లలో, చెత్తకుప్పల్లో పోయాయి. ఆరు నెలల టీబీ కోర్సులో నాలుగో నెలలో ఉన్న ఒకతని మందులూ పోయాయి. కోర్సు మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ వచ్చే ప్రమాదం ఉంది, అది పక్కవాళ్లకూ అంటుతుంది. అతన్ని మళ్లీ వెతికి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి పదకొండు రోజులు పట్టింది. ఊరు శుభ్రంగా కనపడాలనుకున్నవాళ్లెవరూ ఈ పదకొండు రోజుల లెక్క వేసుకోలేదు.

మీ వీధి చివర షెల్టర్

చిల్లర కన్నా ఇదే ముఖ్యం అన్నాను కదా. మేం ఒక ఖాళీ కమ్యూనిటీ హాలులో షెల్టర్ పెట్టబోతే కాలనీవాళ్లు సంతకాలు సేకరించారు. దొంగతనాలు పెరుగుతాయి, ఆడపిల్లలు తిరగలేరు, ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి. వాళ్లలో సగం మంది అంతకుముందు చలికాలంలో మాకు దుప్పట్లు పంచిపెట్టినవాళ్లే! మొదట నాకు ఒళ్లు మండింది. తర్వాత కూర్చుని విన్నాను. వాళ్ల భయాల్లో కొన్ని సబబైనవి. హాలు దగ్గర వీధిలైటు లేదు, మరుగుదొడ్లు రెండే ఉన్నాయి, సరిపోకపోతే జనం గోడ పక్కకే పోతారు.

అందుకని ఉపన్యాసం మానేసి మూడు పనులు చేశాం. తెరిచేముందే లైటు, ఇంకో నాలుగు మరుగుదొడ్లు. రాత్రి డ్యూటీ మేనేజరు ఫోన్ నంబరు గేటు మీద, కాలనీ నోటీసు బోర్డులో. ఏ టైములో చేసినా ఎత్తాలి, పది నిమిషాల్లో మనిషి రావాలి. మొదటి ఆరు నెలల్లో ఆ ఫోనుకు వచ్చిన ఫిర్యాదుల్లో సగం మా జనరేటర్ మోత గురించే. షెల్టర్‌లోవాళ్ల మీద వచ్చినవి రెండు: గొడవొకటి, బీడీ పొగ ఒకటి. సంతకాలు సేకరించిన పెద్దమనిషి మాకేం చుట్టమైపోలేదు, ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. కానీ రెండో ఏడాది సంతకాలు సేకరించలేదు.

మీ కాలనీలో ఇలాంటి మీటింగు జరిగితే వెళ్లండి. వద్దు అనే గుంపులో మీరొక్కరు లేచి "లైటు ఎప్పుడు పెడతారు, రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి" అని అడిగితే చాలు, మాట పెట్టాలా వద్దా నుంచి ఎలా పెట్టాలి అన్నదానికి మళ్లుతుంది. ఇలాంటి మీటింగులు నేను చాలా చూశాను. ఒక్క మనిషితో మళ్లిన సందర్భాలున్నాయి.

పిల్లల విషయం

డబ్బు వద్దని ఎందుకన్నానంటే, పిల్ల చేతిలో పడే డబ్బు ఆ పిల్లను మర్నాడు బడికి కాకుండా సిగ్నల్ దగ్గరికే పంపిస్తుంది. వెనక ముఠా ఉన్నా అంతే, అవసరంలో ఉన్న కన్నతల్లి ఉన్నా అంతే. మన దేశంలో 1098కి ఫోన్ చేయండి. చోటు, టైము, పిల్లల వయసు చెప్పండి. పిల్లలతో అడుక్కునేలా చేయిస్తే 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం అయిదేళ్ల దాకా జైలు. కానీ తల్లీబిడ్డలను చూసి వెంటనే "ఎత్తుకొచ్చిన బిడ్డ" అని కేకలేసి జనాన్ని పోగెయ్యకండి. అలాంటి అనుమానంతో జనం చేతిలో దెబ్బలు తిన్న కన్నతల్లికి నేను కట్టు కట్టించాను. ఆమె చేసిన తప్పల్లా, బిడ్డ తనకన్నా తెల్లగా ఉండటం.

ఇక ఏటీఎం మెట్ల మీద ఆయన

మీరు రాసినదాన్ని బట్టి: మూడు వారాలుగా అక్కడే ఉన్నాడు, తనలో తను మాట్లాడుకుంటాడు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, కాలికి పుండు ఉన్నట్టుంది. ఇది సిగ్నల్ దగ్గర మనిషి లాంటి కేసు కాదు. ఇక్కడ డబ్బు ప్రశ్నే లేదు.

పగలు, నలుగురూ తిరిగే టైములో, ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీద నిలబడి మాట్లాడకండి, రెండడుగుల దూరంలో కూర్చోండి లేదా వంగండి. మీ పేరు చెప్పండి. "మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు" అని మొదలుపెట్టకండి, అది పోలీసు ప్రశ్న. కాలు నొప్పిగా ఉందా అని అడగండి. జవాబు రాకపోతే వచ్చేసి మర్నాడు మళ్లీ వెళ్లండి. నేను కొందరి దగ్గర ఏడెనిమిదిసార్లు వెళ్లాక గానీ పేరు తెలుసుకోలేకపోయాను. ఫోటో తీయకండి, గ్రూపుల్లో పెట్టకండి.

పుండు వాసన వస్తున్నా, పురుగులు కనిపించినా, ఒళ్లు కాలిపోతున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో మీరో, మీ తోటివాళ్లో వెంట వెళ్లగలిగితే ఆసుపత్రిలో త్వరగా చూస్తారు, ఇది నూటికి నూరుపాళ్లు నా అనుభవం. మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడనిపిస్తే స్టేషన్‌కు వెళ్లి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ అని పేరు పెట్టి అడగండి. అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇంటివాళ్ల ఆచూకీ కోసం తప్పిపోయిన వ్యక్తిగా కేసు రాయడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. "మా పని కాదు" అంటే సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం అడగండి. సంతకం అడిగేసరికి చాలాచోట్ల పని కదులుతుంది.

ఏటీఎం సెక్యూరిటీ గార్డుతో ఒకసారి మాట్లాడండి. మూడు వారాలుగా ఆయన్ను అక్కడ ఉండనిచ్చాడంటే, రాత్రిళ్లు నీళ్లో ఏవో ఇస్తూనే ఉండి ఉంటాడు. ఆయన పేరు ఆ గార్డుకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు.